డాబర్మన్, జర్మన్ షెపర్డ్ కుక్కల్లో వంశపారంపర్య రక్తస్రావ వ్యాధులు: అనుమానం నుంచి జత కట్టించే నిర్ణయం వరకు

కుక్క ముక్కు నుంచి రక్తం కారితే తెలుగు రాష్ట్రాల్లో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది టిక్ ఫీవరే. ఆ ఊహలో తప్పు లేదు. గోధుమరంగు కుక్క పిడుదు మన వాతావరణంలో ఏడాది పొడుగునా బతుకుతుంది, అది మోసుకొచ్చే ఎర్లీకియా కేనిస్ అనే సూక్ష్మజీవి ప్లేట్‌లెట్లను పడగొడుతుంది, డాక్సీసైక్లిన్ సకాలంలో మొదలుపెడితే చాలా కుక్కలు కోలుకుంటాయి. మందు పూర్తిగా వాడినా, రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు నిండుగా కనిపిస్తున్నా, రక్తం మాత్రం ఆగని కుక్కల దగ్గరే అసలు చిక్కు వస్తుంది. అలాంటి కుక్క డాబర్మన్ అయితే వాన్ విల్‌బ్రాండ్ వ్యాధిని, మగ జర్మన్ షెపర్డ్ అయితే హీమోఫిలియా-ఏ ను గుర్తు చేసుకోవాలి. ఈ రెండూ పుట్టుకతో వచ్చేవి, మందులతో నయమయ్యేవి కావు. అయితే ముందే తెలిస్తే కుక్క ఇంచుమించు నిండు జీవితం గడిపే అవకాశం ఉంటుంది. తెలియకపోతే ఆ సంగతి శస్త్రచికిత్స బల్ల మీద బయటపడుతుంది.

1. ముందుగా లోపం ఎక్కడ ఉందో అర్థం చేసుకోవాలి

రక్తనాళం తెగినప్పుడు రెండు పనులు జరుగుతాయి. మొదట ప్లేట్‌లెట్లు గాయం అంచుకు అతుక్కుని తాత్కాలికంగా మూత వేస్తాయి, ఆ వెంటనే రక్తంలోని గడ్డకట్టించే కారకాలు ఒకదాన్నొకటి ప్రేరేపించుకుంటూ ఫైబ్రిన్ పోగులతో ఆ మూతను గట్టిపరుస్తాయి. ప్లేట్‌లెట్లను గాయానికి అంటుకునేలా చేసే ప్రొటీన్ పేరు వాన్ విల్‌బ్రాండ్ కారకం. 1926లో ఫిన్లండ్ వైద్యుడు ఎరిక్ వాన్ విల్‌బ్రాండ్, ఓలాండ్ దీవులకు చెందిన ఒక కుటుంబంలో ఈ లోపాన్ని వర్ణించడం వల్ల ఆ పేరు వచ్చింది. కుక్కల్లో అత్యంత సాధారణమైన వంశపారంపర్య రక్తస్రావ వ్యాధి ఇదే.

ఇందులో మూడు రకాలు ఉన్నాయి. మొదటి రకంలో ప్రొటీన్ ఉంటుంది, కానీ తక్కువగా ఉంటుంది, డాబర్మన్‌లది ఇదే. రెండో రకంలో పరిమాణం తగ్గడమే కాక ప్రొటీన్ నిర్మాణం కూడా లోపిస్తుంది. ఇది జర్మన్ పాయింటర్ జాతుల్లో కనిపిస్తుంది. మూడో రకంలో ప్రొటీన్ దాదాపు ఉండదు. స్కాటిష్ టెరియర్, షెట్లండ్ షీప్‌డాగ్ జాతుల్లో కనిపించే ఈ రకమే అన్నిటికంటే తీవ్రమైనది.

హీమోఫిలియా-ఏ కథ వేరు. అందులో ప్లేట్‌లెట్లు, వాన్ విల్‌బ్రాండ్ కారకం సవ్యంగానే ఉంటాయి, లోపించేది ఎనిమిదో కారకం. హీమోఫిలియా-బీ లో తొమ్మిదో కారకం లోపిస్తుంది. ఈ రెండింటి జన్యువులూ ఎక్స్ క్రోమోజోము మీద ఉండడం వల్ల వ్యాధి ప్రధానంగా మగ పిల్లలకు వస్తుంది, ఆడవి క్యారియర్లుగా, అంటే తమకు జబ్బు లేకున్నా లోపాన్ని పిల్లలకు అందించేవిగా మిగులుతాయి. మనుషుల హీమోఫిలియా గురించి తెలిసినదానిలో చాలా భాగం కుక్కలు నేర్పినదే. అమెరికాలోని చాపెల్ హిల్‌లో కెన్నెత్ బ్రింక్‌హౌస్ 1940ల చివరి నుంచి హీమోఫిలియా ఉన్న ఐరిష్ సెట్టర్ కుక్కల సంతతిని పోషించి, ఆ వ్యాధిపై దశాబ్దాల పాటు పరిశోధన సాగించాడు.

2. రక్తం ఎక్కడి నుంచి, ఎప్పుడు వచ్చిందో రాసిపెట్టుకోవాలి

పశువైద్యుడి దగ్గరకు వెళ్లే ముందు ఒక కాగితం మీద కుక్క చరిత్రను రాసుకోవడం మంచిది, ఎందుకంటే రక్తం కారే తీరే సగం రోగనిర్ధారణ చేసిపెడుతుంది. చిగుళ్లు, ముక్కు, మూత్రం, ఎద సమయంలో అతిగా జరిగే స్రావం, గోరు కత్తిరించినప్పుడు ఆగకుండా కారడం, ఇవన్నీ ప్లేట్‌లెట్ల వైపో, వాన్ విల్‌బ్రాండ్ కారకం వైపో వేలు చూపిస్తాయి. అయితే ఒంటి మీద సూది మొనంత ఎర్రటి చుక్కలు గుంపుగా కనిపిస్తే అది ప్లేట్‌లెట్ల సంఖ్య తగ్గినందుకు గుర్తు. వాన్ విల్‌బ్రాండ్ వ్యాధిలో అలాంటి చుక్కలు సాధారణంగా కనిపించవు. ఈ ఒక్క తేడాను గమనించగలిగినా టిక్ ఫీవర్‌ను విడదీయడం తేలికవుతుంది.

హీమోఫిలియాలో రక్తం బయటికి కారడం కంటే లోపల చేరడం ఎక్కువ. మూడు నుంచి ఆరు నెలల వయసులో పాలపళ్లు ఊడేటప్పుడు నోటి నుంచి రోజుల తరబడి రక్తం రావడం, టీకా వేసిన చోట పెద్ద గడ్డలా ఉబ్బడం, దెబ్బేమీ తగలకుండానే ఈ రోజు ముందుకాలు, వచ్చే వారం వెనకకాలు కుంటడం దీని ఆనవాళ్లు. ఎదిగే జర్మన్ షెపర్డ్ పిల్ల కుంటితే ఎముకల జబ్బో, తుంటి కీలు లోపమో అనుకోవడం మామూలే. కుంటుతున్న కీలు వెచ్చగా, ఉబ్బుగా ఉంటే అందులో చేరింది రక్తమేమోనని ఆలోచించాలి. రక్తపరీక్ష జరిగేదాకా ఆ కీలులోకి సూది గుచ్చనివ్వకూడదు.

ఈ చరిత్రలో తప్పక ఉండవలసిన ఇంకో అంశం కుటుంబం. తల్లి, తండ్రి, తోబుట్టువుల్లో ఎవరైనా చెవుల కత్తిరింపు సమయంలో గానీ, గర్భసంచి తొలగింపులో గానీ, పుట్టిన వెంటనే బొడ్డు దగ్గర గానీ అతిగా రక్తం పోగొట్టుకున్నాయా అని పెంపకందారును సూటిగా అడగాలి.

3. పుట్టుకతో రాని కారణాలను ముందు తొలగించుకోవాలి

ఈ మెట్టును దాటవేయడం వల్ల డబ్బు, సమయం రెండూ వృథా అవుతాయి. ముందుగా పూర్తి రక్తకణాల పరీక్ష చేయించి, ప్లేట్‌లెట్లను యంత్రం చెప్పిన అంకెతో సరిపెట్టుకోకుండా గాజు పలక మీద రక్తపు పూత వేసి సూక్ష్మదర్శినిలో చూడమని అడగాలి, ఎందుకంటే ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుంటే యంత్రం వాటిని తక్కువగా లెక్కిస్తుంది. పిడుదులు మోసుకొచ్చే ఎర్లీకియా, అనాప్లాస్మా, బబేసియా కోసం పీసీఆర్ గానీ, క్లినిక్‌లో వెంటనే ఫలితమిచ్చే కిట్ పరీక్ష గానీ చేయించాలి. పెరట్లో, కారు షెడ్‌లో, పక్కింటి దుకాణంలో ఎక్కడైనా ఎలుకల మందు పెట్టారేమో విచారించాలి. బ్రోమాడియోలోన్ వంటి మందులు విటమిన్-కె ను అడ్డుకుని, తిన్న కొద్ది రోజులకు రక్తస్రావం తెస్తాయి, వాటికి విరుగుడు విటమిన్-కె1. కాలేయ పరీక్షలు కూడా ఈ విడతలోనే పూర్తి చేయాలి.

టిక్ ఫీవర్ ఉందని తేలినంత మాత్రాన వంశపారంపర్య వ్యాధి లేదని అర్థం కాదు. రెండూ ఒకే కుక్కలో ఉండవచ్చు. అప్పటిదాకా ఏ లక్షణమూ చూపని డాబర్మన్‌లో తేలికపాటి ప్లేట్‌లెట్ల తగ్గుదలకే పెద్ద రక్తస్రావం కావచ్చు. ప్లేట్‌లెట్లు సాధారణంగా 50 వేల కంటే దిగువకు పడితే తప్ప వాటంతట అవి రక్తం కారనివ్వవు. లక్షకు పైగా ప్లేట్‌లెట్లు ఉన్న కుక్క ముక్కు ఆగకుండా కారుతుంటే, ఆ అంకె మీద నింద మోపి ఊరుకోకూడదు.

4. గడ్డకట్టే సమయపు పరీక్షలను సరిగ్గా చేయించాలి

రక్తం గడ్డకట్టే గొలుసులోని రెండు వేర్వేరు మార్గాలకు పట్టే సమయాన్ని కొలిచే పీటీ, ఏపీటీటీ అనే రెండు పరీక్షలు కావాలి. హీమోఫిలియాలో ఏపీటీటీ పెరుగుతుంది, పీటీ మామూలుగా ఉంటుంది. ఎలుకల మందు తిన్న కుక్కలో పీటీ ముందుగా పెరుగుతుంది. బీగిల్ జాతిలో కనిపించే ఏడో కారకం లోపంలో పీటీ ఒక్కటే పెరుగుతుంది, అది చాలావరకు తేలికపాటి లోపం. వాన్ విల్‌బ్రాండ్ వ్యాధిలో సాధారణంగా ఈ రెండూ, ప్లేట్‌లెట్ల సంఖ్యా మామూలుగానే ఉంటాయి. అందుకే ‘అన్ని రిపోర్టులూ నార్మల్’ అన్న మాట డాబర్మన్ యజమానికి భరోసా కాకూడదు.

నమూనా సేకరణలో జరిగే తప్పులు రోగాన్ని పుట్టించగలవు, దాచగలవు కూడా. ఈ పరీక్షలకు వాడేది నీలిరంగు మూత ఉన్న సిట్రేట్ గొట్టం. అందులో ఒక వంతు సిట్రేట్‌కు తొమ్మిది వంతుల రక్తం పట్టాలి, అంటే గొట్టం మీద గీసిన గీత వరకు కచ్చితంగా నిండాలి. సగమే నింపితే సిట్రేట్ ఎక్కువై, ఆరోగ్యమైన కుక్కకు కూడా సమయం పెరిగినట్టు చూపిస్తుంది. సూది ఒక్క పోటులో నాళంలోకి వెళ్లాలి; లోపల వెతుకుతూ తిప్పితే కణజాలపు రసం కలిసి గొట్టంలోనే గడ్డ మొదలవుతుంది. ప్లాస్మాను (రక్తకణాలు పోగా మిగిలే ద్రవాన్ని) త్వరగా వేరుచేసి, ప్లాస్టిక్ గొట్టంలో ఫ్రీజర్‌లో ఘనీభవింపజేసి, ఐస్‌లో పంపాలి.

మన పట్టణాల్లో చాలా నమూనాలు మనుషుల ల్యాబ్‌లకే వెళ్తాయి. కుక్క రక్తం మనిషి రక్తం కంటే త్వరగా గడ్డకడుతుంది, కనుక మనుషుల ప్రమాణంతో పోలిస్తే తేలికపాటి హీమోఫిలియా ఉన్న కుక్క కూడా మామూలుగా ఉన్నట్టు కనిపించే ప్రమాదం ఉంది. దీనికి తేలికైన పరిష్కారం, అదే రోజు అదే పద్ధతిలో ఒక ఆరోగ్యమైన కుక్క రక్తం కూడా తీసి పక్కపక్కనే పరీక్షించమని కోరడం. హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో ఏ పరీక్ష దొరుకుతుందో ముందే ఫోన్ చేసి కనుక్కుని వెళ్లడం మేలు.

ఈ దశలో వైద్యుడు పై పెదవి లోపలి భాగంలో చేసే రక్తస్రావ సమయ పరీక్ష ఎంతో ఉపయోగపడుతుంది. కుక్కను పక్కకు పడుకోబెట్టి, పెదవిని పైకి మడిచి గుడ్డపట్టీతో వదులుగా కడతారు. స్ప్రింగు బ్లేడున్న చిన్న పరికరంతో సుమారు 5 మిల్లీమీటర్ల పొడవు, 1 మిల్లీమీటరు లోతు గాటు పెట్టి గడియారం మొదలుపెడతారు. గాటును తాకకుండా దాని కిందికి కారిన రక్తాన్ని మాత్రమే వడపోత కాగితంతో అద్దుతూ ఉంటారు. కాగితం మీద పడే ఎర్రటి మరకలు క్రమంగా చిన్నవై ఆగిపోవాలి. ఆరోగ్యమైన కుక్కలో నాలుగు నిమిషాల లోపు ఆగుతుంది. ప్లేట్‌లెట్ల సంఖ్య బాగుండి, ఈ సమయం ఎక్కువగా ఉంటే, వాన్ విల్‌బ్రాండ్ వ్యాధి అనుమానం బలపడుతుంది. ప్లేట్‌లెట్లు బాగా తగ్గిన కుక్కకు ఈ పరీక్ష అర్థరహితం, చేయించకూడదు. గోరు లోతుగా కత్తిరించి రక్తం ఆగే సమయం చూసే పాత పద్ధతి బాధాకరమైనది, ఆధారపడదగినదీ కాదు.

5. డాబర్మన్‌కు రెండు వేర్వేరు పరీక్షలు ఉన్నాయని తెలుసుకోవాలి

ఒకటి రక్తంలో వాన్ విల్‌బ్రాండ్ ప్రొటీన్ ఎంత ఉందో కొలిచేది. ఆరోగ్యమైన కుక్కల సగటును 100 శాతంగా తీసుకుంటే, 70కి పైన మామూలు, 50 నుంచి 69 వరకు సందిగ్ధం, 50 కంటే తక్కువైతే లోపం. అంకె ఎంత దిగువకు పోతే ముప్పు అంత పెరుగుతుంది. ఈ కొలత స్థిరంగా ఉండదు. గర్భం, ఎద, జబ్బు, ఒత్తిడి వల్ల మారుతుంది, కనుక సూడి కుక్కకో, ఎదలో ఉన్న కుక్కకో చేయించిన ఫలితాన్ని పట్టించుకోనక్కర్లేదు. థైరాయిడ్ మాత్రలు ఇస్తే ఈ ప్రొటీన్ పెరుగుతుందనే పాత నమ్మకాన్ని తర్వాతి పరిశోధనలు నిలబెట్టలేదు.

రెండోది డీఎన్ఏ పరీక్ష. దీనికి వయసుతో, ఎదతో పనిలేదు, జీవితంలో ఒక్కసారి చాలు. బుగ్గ లోపలి గోడకు దూది పుల్లను రుద్ది, పూర్తిగా ఆరనిచ్చి కాగితపు కవరులో పంపాలి. తల్లి పాలు తాగుతున్న పిల్లల నుంచి నమూనా తీసేటప్పుడు వాటిని కొంతసేపు తల్లి నుంచి వేరుగా ఉంచాలి, లేకపోతే తల్లి కణాలు కలిసి ఫలితం తారుమారు కావచ్చు. ఒక పుల్లను ఒక పిల్లకే వాడి, వెంటనే పేరు, మైక్రోచిప్ సంఖ్య రాయాలి. ఫలితం ‘క్లియర్’ (లోపమున్న జన్యువు లేదు), ‘క్యారియర్’ (దాని ప్రతి ఒకటి ఉంది), ‘ఎఫెక్టెడ్’ (రెండు ప్రతులూ ఉన్నాయి) అనే మూడు మాటల్లో ఒకటిగా వస్తుంది. ‘ఎఫెక్టెడ్’ అని వచ్చిన డాబర్మన్‌లన్నీ రక్తం కారుస్తాయని కాదు. చాలావాటిలో శస్త్రచికిత్స జరిగేదాకా ఏ లక్షణమూ కనిపించదు. జత కట్టించాలంటే డీఎన్ఏ పరీక్ష, వారంలో శస్త్రచికిత్స ఉంటే ప్రొటీన్ కొలత ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. రెండూ చేయించగలిగితే మరీ మంచిది.

6. జర్మన్ షెపర్డ్‌కు వంశవృక్షాన్ని చదవాలి

హీమోఫిలియాకు ఇంత సులువైన డీఎన్ఏ పరీక్ష అన్ని కుటుంబాలకూ ఉండదు, ఎందుకంటే వేర్వేరు కుటుంబాల్లో వేర్వేరు జన్యు మార్పులు ఆ వ్యాధిని తెస్తాయి. అందువల్ల మగ కుక్కలో ఎనిమిదో కారకపు శక్తిని నేరుగా కొలవాలి. 2 శాతం కంటే తక్కువైతే తీవ్రం, 2 నుంచి 5 మధ్యస్థం, 6 నుంచి 20 తేలిక. ఈ తేలిక రకమే ప్రమాదకరం, ఎందుకంటే అలాంటి మగ కుక్క బాగా ఎదిగి, ప్రదర్శనల్లో గెలిచి, ఎన్నో ఆడ కుక్కలకు జత అవుతుంది. యూరప్‌లోని జర్మన్ షెపర్డ్‌లలో హీమోఫిలియా-ఏ వ్యాప్తిని కాంటో ఫోన్ డెర్ వీనెరావ్ అనే పేరుమోసిన మగ కుక్క వరకు వెనక్కి లెక్కిస్తారు. రూపం బాగున్న ఆ కుక్క సంతానం ద్వారా లోపం చాలా దేశాలకు చేరింది.

వంశవృక్షాన్ని చదివే పద్ధతి ఇది. వ్యాధి ఉన్న మగ కుక్కకు, ఆరోగ్యమైన ఆడ కుక్కకు పుట్టిన కొడుకులెవరికీ వ్యాధి రాదు, కానీ కూతుళ్లన్నీ తప్పనిసరిగా క్యారియర్లే. క్యారియర్ తల్లికి, ఆరోగ్యమైన తండ్రికి పుట్టిన కొడుకుల్లో సగటున సగం రోగులు, కూతుళ్లలో సగం క్యారియర్లు అవుతాయి. క్యారియర్ తల్లిని వ్యాధి ఉన్న మగతో జత కట్టిస్తే ఆడ పిల్లలకూ వ్యాధి రావచ్చు; దగ్గరి చుట్టరికంలో జత కట్టించే చోట ఇది ఊహకే పరిమితం కాదు. ఒక కొడుకుకు హీమోఫిలియా ఉందని తేలితే తల్లిని క్యారియర్‌గానే భావించి, దాని అక్కచెల్లెళ్లను, మునుపటి ఈతల పిల్లలను కూడా పరీక్షించాలి.

అన్ని పరీక్షలూ మామూలుగా వచ్చినా రక్తం ఆగని జర్మన్ షెపర్డ్ ఉంటే, ప్లేట్‌లెట్ల పనితీరులో లోపమైన స్కాట్ సిండ్రోమ్ ఆ జాతిలో ఉందని వైద్యుడికి గుర్తు చేయడం తప్పు కాదు.

7. శస్త్రచికిత్సకు ముందు ఏర్పాట్లు చేసుకోవాలి

మొదటి ప్రశ్న ఆ శస్త్రచికిత్స అవసరమా అన్నది. డాబర్మన్ చెవులు కత్తిరించడం కుక్కకు ఏ మేలూ చేయదు. రక్తస్రావ వ్యాధి ఉన్న పిల్లకు అది ప్రాణాల మీదికి తెస్తుంది. తప్పనిసరి శస్త్రచికిత్స అయితే ఉదయం పెట్టించుకుని, రాత్రంతా పరిశీలనలో ఉంచే వీలున్న చోటే చేయించాలి.

మొదటి రకం వాన్ విల్‌బ్రాండ్ వ్యాధిలో డెస్మోప్రెసిన్ అనే మందు శరీరంలో నిల్వ ఉన్న ప్రొటీన్‌ను విడుదల చేయిస్తుంది. కిలో బరువుకు 1 మైక్రోగ్రాము చొప్పున శస్త్రచికిత్సకు సుమారు అరగంట ముందు చర్మం కింద ఇస్తారు. ప్రభావం కొద్ది గంటలే ఉంటుంది, వెంటవెంటనే మళ్లీ ఇస్తే నిల్వ అయిపోయి అంతగా పనిచేయదు, అన్ని కుక్కలూ ఒకేలా స్పందించవు. కనుక దీని మీదే ఆధారపడకుండా క్రయోప్రెసిపిటేట్ (ప్లాస్మా నుంచి వేరుచేసిన, వాన్ విల్‌బ్రాండ్ కారకం, ఎనిమిదో కారకం చిక్కగా ఉండే భాగం) గానీ, ఫ్రీజర్‌లో ఘనీభవింపజేసి నిల్వచేసిన తాజా ప్లాస్మా గానీ సిద్ధంగా ఉంచాలి. హీమోఫిలియా-ఏ కు కూడా ఇవే పనికొస్తాయి, కాకపోతే ఎనిమిదో కారకం త్వరగా ఖర్చయిపోతుంది కనుక 8 నుంచి 12 గంటలకోసారి మళ్లీ ఎక్కించవలసి వస్తుంది. హీమోఫిలియా-బీ కి క్రయోప్రెసిపిటేట్ పనిచేయదు, ప్లాస్మానే కావాలి.

ఇవేవీ దొరకని ఊళ్లో దాత కుక్క నుంచి అప్పటికప్పుడు తీసిన తాజా రక్తమే దిక్కు. కుక్కలకు మొదటి రక్తమార్పిడి సాధారణంగా ఇబ్బంది పెట్టదు, కానీ రెండోసారి తప్పనిసరిగా క్రాస్ మ్యాచింగ్ (రెండు కుక్కల రక్తాలు పొసగుతాయో లేదో చూసే పరీక్ష) చేయించాలి. దాత టిక్ ఫీవర్ పరీక్షల్లో శుభ్రంగా తేలి ఉండాలి, అది మరో డాబర్మన్ అయితే దాని వాన్ విల్‌బ్రాండ్ ఫలితం కూడా తెలిసి ఉండాలి.

8. ఇంట్లో రక్తం కారినప్పుడు

శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, కనీసం పది నిమిషాలు ఎత్తి చూడకుండా ఉండాలి. ముక్కు నుంచి కారుతుంటే కుక్కను నీడలో, గోల లేని చోట కూర్చోబెట్టి ముక్కు మీది భాగాన చల్లటి గుడ్డ వేయాలి, ముక్కులో దూది కూరకూడదు. ఆస్పిరిన్ ఎన్నడూ ఇవ్వకూడదు. మెలోక్సికామ్ వంటి నొప్పి మాత్రలు వైద్యుడికి వ్యాధి సంగతి చెప్పకుండా వాడకూడదు. కండలోకి ఇచ్చే ఇంజెక్షన్లకు బదులు సన్న సూదితో చర్మం కింద ఇచ్చేవి కోరి, ఇచ్చిన చోట కొన్ని నిమిషాలు అదిమి పట్టాలి. చిగుళ్లు పాలిపోయినా, పొట్ట ఉబ్బినా, ఊపిరి ఆడక ఆయాసపడినా, ఒక్కసారిగా నడక తూలినా ఇంట్లో ప్రయత్నాలు ఆపి ఆసుపత్రికి బయలుదేరాలి.

9. జత కట్టించే ముందు నిర్ణయించుకోవలసినవి

డాబర్మన్‌లలో క్లియర్‌కు క్లియర్‌ను జత చేస్తే పిల్లలన్నీ క్లియర్. క్లియర్‌కు క్యారియర్‌ను జత చేస్తే సగటున సగం పిల్లలు క్యారియర్లు, కానీ ఒక్కటీ రోగి కాదు. రెండు క్యారియర్లు కలిస్తే నాలుగో వంతు పిల్లలు వ్యాధితో పుడతాయి. క్యారియర్లన్నిటినీ ఒక్కసారిగా పక్కన పెట్టమని కొందరు చెప్పే సలహాతో నేను ఏకీభవించను. డాబర్మన్‌లో గుండె కండరం బలహీనపడే జబ్బు ఇంతకంటే ఎక్కువ కుక్కల ప్రాణాలు తీస్తోంది. గుండె గట్టిగా ఉన్న వంశాన్ని వాన్ విల్‌బ్రాండ్ లోపమున్న ఒక్క జన్యు ప్రతి కోసం పోగొట్టుకోవడం జాతికి నష్టం. మంచి క్యారియర్‌ను క్లియర్‌తో మాత్రమే జత చేసి, పిల్లల్లో క్లియర్‌గా తేలినదాన్ని తర్వాతి తరానికి ఎంచుకోవాలి. హీమోఫిలియాకు ఈ ఉదారత పనికిరాదు: వ్యాధి ఉన్న మగను, క్యారియర్ ఆడను జతకు వాడనే కూడదు.

పిల్లను కొనేవారు కెన్నెల్ క్లబ్ కాగితాన్ని ఆరోగ్య పత్రంగా పొరబడకూడదు; అది వంశాన్ని చెబుతుందే గాని రక్తాన్ని పరీక్షించదు. తల్లిదండ్రులిద్దరి ఫలితాల అసలు ప్రతులు అడిగి, వాటిలోని మైక్రోచిప్ సంఖ్యను కుక్క దగ్గర స్కానర్‌తో సరిచూసుకోవాలి.

ఒక ఈతలో ఒక్క పిల్లకు వ్యాధి తేలినా పెంపకందారు మిగతా పిల్లలను కొన్నవాళ్లందరికీ అదే రోజు ఫోన్ చేసి చెప్పాలి. వాటిలో ఏదో ఒకదానికి గర్భసంచి తొలగించే తేదీ ఇప్పటికే ఖరారై ఉండవచ్చు.